ఎర్ర బల్బు

మొన్న అటక దులుపుతుంటే పాత ఎమర్జెన్సీ లైటు దొరికింది. ప్లగ్గులో పెడితే మూలనున్న చిన్న ఎర్ర బల్బు వెలిగింది. కరెంటు కోతల రోజుల్లో, చార్జింగ్ ఎక్కుతున్నంతసేపూ అది వెలిగేది, నిండగానే ఆరిపోయేది.

తెలంగాణ ఉద్యమం నడుస్తున్న రోజులవి. ఆయాసపడుతున్న నానమ్మను నాన్న మా పాత అంబాసిడర్‌లో ఎల్బీనగర్ నుంచి దిల్‌సుఖ్‌నగర్ దవాఖానకు తీసుకుపోతున్నాడు. చిన్నతనం, నేనూ ముందు సీట్లో ఉన్నాను. కొత్తపేటలో వంటా వార్పు. నడిరోడ్డు మీద పొయ్యిలు పెట్టి పప్పు ఉడికిస్తున్నారు. బస్సుల మధ్య ఇరుక్కుపోయాం.

స్టీరింగు వెనక ఎర్ర బల్బు వెలుగుతోంది.

"నాయినా, చార్జింగ్ ఎక్కుతుంది" అన్నాను సంబరంగా.

నాన్న దిగి బానెట్ ఎత్తాడు. డైనమో బెల్టు నొక్కాడు, వైర్లు కదిపాడు. బల్బు ఆరలేదు.

"ఇంజన్ బంద్ జెయ్యన్నా, జర తిని పో" అన్నాడు గరిటె పట్టుకున్నాయన.

"బంద్ జేస్తే మల్ల స్టార్ట్ గాదన్నా. మెకానిక్ షాపులు గూడ బందే. ఏం జేస్త."

కాసేపటికి ఇంజను దానంతటదే దగ్గి ఆగిపోయింది. నాన్న సెల్ఫ్ కొట్టాడు. బల్బు మసకబారి ఆరిపోయింది.

"నిండింది నాయినా, ఇగ పోదాం" అన్నాను.

నాన్న నన్నే చూశాడు. "ఔ బిడ్డా, నిండింది" అని, వెనక తలుపు తీసి, నానమ్మ ముందు వీపు వంచాడు.

ఆ రోజు నానమ్మ గట్టెక్కింది. కారులో ఆ బల్బు వెలిగితే బ్యాటరీకి చార్జింగ్ ఎక్కడం లేదని నాకు నేను బండి నడిపాకే తెలిసింది.

అటక మీది లైటు మొన్నటి నుంచీ ప్లగ్గులోనే ఉంది. బల్బు వెలుగుతూనే ఉంది. దాని పాత బ్యాటరీ ఇక నిండదని తెలిసీ తియ్యలేకపోతున్నాను.