రిబ్బను కట్టిన ఆక్సిజన్ మిషను

పోయిన మంగళవారం పొద్దున పదకొండుంబావుకు మా చెల్లెలు ఊపిరి అందక ఆసుపత్రి మంచం మీద నోరు తెరుచుకుని కూర్చుని ఉంటే, దానికి నాలుగడుగుల దూరంలో కొత్త ఆక్సిజన్ మిషను పసుపూ కుంకుమా పెట్టించుకుని, నడుముకు ఎర్ర రిబ్బను కట్టించుకుని ఊరికే నిలబడి ఉంది. నగరిలో మరమగ్గాల షెడ్డులో ముప్పై ఏళ్ళు నూలు దుమ్ము పీల్చిన మనిషి మా చెల్లెలు. కాస్త చలి తగిలితే చాలు, దాని ఊపిరితిత్తులు మొరాయిస్తాయి. వార్డులో ఉన్న ఒక్క సిలిండరూ తెల్లారేసరికే అయిపోయిందట, పుత్తూరు నుంచి ఇంకొకటి బయలుదేరిందట. మరి ఈ మిషను ఎందుకున్నట్టని నేనడిగితే, నా మనవరాలి వయసున్న నర్సు తల వంచుకుంది.

"ఇంకా ఓపెనింగు కాలేదవ్వా. మిషను ఇచ్చినాయన శుక్రవారం వస్తాడంట. ఆయన సేత్తోనే ఆన్ సేయించాలంట."

నా ఈడువాళ్ళకు చెబితే నా మంట అర్థమవుతుంది. నేను ఇలాంటి సర్కారు ఆసుపత్రిలోనే ఆయాగా చేరి, అక్కడే ముసలిదాన్నయ్యాను. అప్పట్లో మాకు ఉన్నవి ఏపాటివని? నీళ్ళలో మరిగించుకునే గాజు సిరంజీలు, పాదరసం బీపీ డబ్బా, ఒక కాలు కుంటిదైన స్ట్రెచరు. ఏ వస్తువైనా చేతులు మారి మారి అరిగిపోయేదేగానీ, అలంకారానికి నిలబెట్టింది ఒక్కటీ లేదు. నాకు అప్పుడు అక్షరం ముక్క రాదు. స్పిరిటు అడిగితే టింక్చరు సీసా అందించినందుకు మా పెద్ద నర్సమ్మ నన్ను నానా తిట్లూ తిట్టి, అంతటితో వదలకుండా ప్రతి డబ్బా మీదా పేరు రాసిన కాగితం అంటించి, చదివితేగానీ ముట్టుకోవద్దని కట్టడి చేసింది. ముప్పై రెండేళ్ళు వచ్చాక నేను మొట్టమొదట చదివిన మాట దూది. రెండోది సూది.

ఒకసారి కాలితో తొక్కే సక్షన్ మిషను చెక్కపెట్టెలో వచ్చింది, పై అధికారి వచ్చి ప్రారంభించేదాకా పెట్టె తెరవరాదన్న చీటీతో సహా. ఆ మధ్యాహ్నమే కాన్పుల గదిలో పుట్టిన బిడ్డకు గొంతులో ఉమ్మనీరు అడ్డంపడి ఏడుపు రాలేదు, ఒళ్ళు నీలంగా మారుతోంది. నర్సమ్మ నా చేతికి ఇనుప చువ్వ ఇచ్చి పెట్టె పగలగొట్టమంది. నేను, చదువు వచ్చిందన్న గర్వంతో, ఆ చీటీని కూడబలుక్కుంటూ ఆమెకు వినిపించబోయాను.

"సదివింది సాలు మే, పగలగొట్టు."

పగలగొట్టాను. ఆమె మిషను తొక్కి గొంతులోని నీరు లాగేసింది. బిడ్డ ఏడ్చింది. తర్వాతి వారం అధికారి వచ్చి, వాడేసిన మిషనును చూసి ముఖం ముడుచుకుంటే, ఓపెనింగు పసిబిడ్డ చేసేసింది సార్ అని చెప్పి, ఆమె తన పనికి తాను వెళ్ళిపోయింది.

ఆమె దగ్గర పని నేర్చిన నేను మంగళవారం ఏం చేశాను? కూర్చున్నాను. డాక్టరమ్మ పర్మిషను కోసం పైవాళ్ళకు ఫోను మీద ఫోను చేస్తోంది. చెల్లెలి కొడుకు, కన్నతల్లి పెదాలు నల్లబడుతుంటే, ఇచ్చినాయన నొచ్చుకుంటే రేపు ఇంకేమీ ఇవ్వడు, కొంచెం ఓర్చుకో పెద్దమ్మా అని నాకే బుద్ధి చెప్పాడు. పక్క మంచం మీది వడమాలపేట రైతు, ఒకరి చేత్తో మొదలు కావలసినదాన్ని మనం ముట్టుకోకూడదని వంత పాడాడు, పక్కనే ఉన్న ఆయన భార్య అవునని తలాడించింది. అరగంట దాటింది. చెల్లెలి వేలికి పెట్టిన క్లిప్పులో ఆక్సిజన్ అంకె ఎనభైకి దిగింది. అప్పటికి లేచాను. ట్రే లోని కత్తెర తీసుకుని రిబ్బను కోసేశాను.

"ప్లగ్గు పెట్టు పాపా. ఎవురన్నా అడిగితే ముసిల్దానికి మతి సెడిందని సెప్పు."

ఆ పిల్ల ప్లగ్గు పెట్టి ట్యూబు తగిలించింది. కాసేపటికి చెల్లెలి పెదాలకు రంగు తిరిగింది, అది నన్ను గుర్తుపట్టి మంచినీళ్ళు అడిగింది. శుక్రవారం మళ్ళీ కొత్త రిబ్బను కట్టి, ఆ పెద్దాయన చేత కోయించారు. ఫోటో కోసం మా చెల్లెలిని నవ్వమన్నారట.

ఇప్పుడు ఆసుపత్రుల్లో మేము కలలో కూడా చూడని వస్తువులున్నాయి, సంతోషమే. కానీ అవి రోగి సొత్తని, ఇచ్చినవాడి సొత్తు కాదని అప్పట్లో మాకెవరూ చెప్పనక్కరలేకపోయింది. ఆ తెలివి ఎప్పుడు జారిపోయిందో, నా చేతుల్లోంచి కూడా ఎలా జారిపోయిందో తెలియక రోజూ కుమిలిపోతున్నాను. అందుకే ఆ అరగంటా ఆ గదిలో చూస్తూ ఉన్నవాళ్ళెవరో రాసి పెడుతున్నాను: డాక్టరమ్మ, చిన్న నర్సు, చెల్లెలి కొడుకు, వడమాలపేట రైతు, ఆయన భార్య, ఊపిరి కోసం కొట్టుకుంటున్న మా చెల్లెలు, దాని సొంత అక్కనైన నేను.