గొలుసు బాబాయి పదిమంది

మెయిళ్ళలో వచ్చే శాపాలను గొలుసు బాబాయి నిజంగానే నమ్మేవాడా? ఇన్నేళ్ళయినా ఈ ప్రశ్నకు జవాబు దొరకలేదు. "పదిమందికి పంపకపోతే కీడు" అంటూ ఏ స్నేహితుడు ఏ గొలుసు మెయిలు పంపినా, ఆయన పదిమందికీ పంపి తీరేవాడు. ఇది మాత్రం ఆఫీసంతా ఎరిగిందే.

భూముల పటాలు తయారుచేసే ఆ ఆఫీసులో ఆయన రికార్డు గుమాస్తా. పక్క బల్ల దగ్గర పటాలు గీసే ఆవిడకు ఆయన వరస చూస్తే ఒళ్ళు మండేది.

"బాబాయ్, మళ్ళీ ఏమొచ్చింది?"

"నవ్వే తాబేలమ్మా. పొద్దుగూకేలోగా పంపకపోతే జుట్టు ఊడిపోతుందట."

"మీకింకా ఊడడానికేముంది?"

"కనుబొమ్మలున్నాయి కదమ్మాయ్!"

ఇలాంటివి రోజుకు ఏడెనిమిది. టీ చల్లారిపోయేది, ఫైళ్ళు పేరుకుపోయేవి, బాబాయి మాత్రం టకటకా కొడుతూనే ఉండేవాడు. "ఏ జన్మలో ఏం పాపం చేసుకున్నారో ఆ పదిమంది!" అని ఆవిడ అందరి ముందూ దెప్పేది. ఆయన చెవులు ఎర్రబడేవి గాని వేళ్ళు ఆగేవి కావు.

ఒకనాడు ఆవిడ భర్తకు పెద్ద ఆపరేషన్. ఆస్పత్రిలో ఒక్కరినే ఉండనిస్తామంటే అత్తగారు ఉండిపోయింది. ఇంట్లో గోడలు చూస్తూ కూర్చోలేక ఆవిడ ఆఫీసుకొచ్చింది. మధ్యాహ్నం స్నేహితురాలి దగ్గర్నుంచి మెయిలు: సాయంత్రంలోగా పదిమందికి పంపకపోతే ఇంట్లో మనిషికి గండం.

ఉత్త చెత్త అని తెలుసు. తీసేద్దామంటే వేలు కదల్లేదు. పంపుదామంటే, ఈ భయం తీసుకెళ్ళి ఎవరి నెత్తిన రుద్దడం అని పైకే గొణుక్కుంది.

"నాకు పంపెయ్ అమ్మాయ్," అన్నాడు బాబాయి, ఇటు చూడకుండానే. "నీ బదులు నేను పంపుతా."

"అప్పుడు ఆ పదిమందీ భయపడరూ?"

ఆయన కాస్త నసిగాడు. "ఆ పది మెయిలు ఖాతాలూ నావేనమ్మా. వేరువేరు పేర్లతో తెరిచి పెట్టుకున్నా. భయపడ్డానికి నేనొకణ్ణి చాలనూ?"

ఆవిడ నోరెళ్ళబెట్టింది. అంతలో లెక్క తట్టింది. "మరి ఆ పదింటినుంచీ మళ్ళీ తలా పది పంపాలిగా?"

"అదేగా నా అవస్థ! పోయినేడు వచ్చిన చిలక ఇంకా తిరుగుతూనే ఉంది."

పొద్దుటినుంచీ అప్పుడే మొదటిసారి ఆవిడకు నవ్వొచ్చింది. మెయిలు ఆయనకు పంపేసింది.

అయిదు కొట్టగానే అందరూ వెళ్ళిపోయారు. ఖాళీ ఇంటికి వెళ్ళబుద్ధికాక ఆవిడ కూర్చుండిపోయింది. బాబాయి కదల్లేదు. "ఇంకో నలభై ఉన్నాయమ్మా," అంటూ కొడుతూనే ఉన్నాడు. ఆరుంబావుకి ఫోను మోగింది.

"అత్తయ్యా! బాగానే జరిగిందా? తెలివొచ్చిందా? ఏమిటీ, కళ్ళద్దాలేవని కసురుకున్నారా!"

ఆ ముక్క చెబుదామని తిరిగేసరికి కుర్చీ ఖాళీ. ఆయన కంప్యూటరు మీద చెయ్యేసి చూస్తే, అయిదింటికే కట్టేసినట్టుంది, చల్లగా తగిలింది. మరి ఇంతసేపూ ఆ టకటకలు ఉత్తుత్తివేనా, తనకు తోడుండడానికి?

ఆవిడ కిటికీ దగ్గరికి పరుగెత్తింది. సంచీ చంకన పెట్టుకుని, వెళ్ళొస్తానని ఒక్క మాటైనా అనకుండా, బాబాయి అప్పటికే వీధి మలుపు తిరిగిపోతున్నాడు.