మిరపకాయల షెడ్డులో దగ్గు

కొత్త మిరపకాయల బస్తా మూతి విప్పగానే ఘాటు ముక్కుకెక్కుతుంది. నరసరావుపేట దగ్గర కోల్డ్ స్టోరేజీలో సూపర్‌వైజరుగా ఇన్నేళ్ళు పనిచేసినా నాకది అలవాటు కాలేదు. తొడిమలు తీయడానికి కూర్చున్న ఆడవాళ్ళంతా ఒక్కసారిగా దగ్గుతారు. కొత్తవాళ్ళు కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ నవ్వుతారు. నాకు నవ్వు రాదు. ఆ దగ్గుల్లో ఏ ఒక్కటి ఆగకపోయినా రత్తమ్మ పెద్దమ్మ గుర్తొచ్చి దిగులు కమ్ముకుంటుంది.

మా ఊరు వెల్దుర్తిలో ఆమెది మా పక్కిల్లు. వరసకు ఏమీ కాదు, పిలుపుకు పెద్దమ్మ. తొడిమలు తీసే ఆడవాళ్ళ ముఠాకు మేస్త్రీ. ఇంటర్‌తో చదువు ఆగిపోయాక నేనూ ఆ ముఠాలో చేరాను. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఆ లెక్కన పెద్దమ్మకు ఏ ఊళ్ళోనూ చోటు దొరక్కూడదు. అయినా ఆమె తిట్లు పడలేక ముఠా మారినవాళ్ళు లేరు. చలికాలం ఊరంతా జ్వరాలతో మూలుగుతుంటే మా ముఠా మాత్రం పనిలోనే ఉండేది.

అన్నం వేళ నీళ్ళ డ్రమ్ము దగ్గర నిలబడి అందరి చేతా సబ్బుతో చేతులు కడిగించేది. చెంబు పెదవికి ఆనించనిచ్చేది కాదు, నీళ్ళు పైనుంచి నోట్లో పోసుకోవలసిందే. తుమ్మొస్తే కొంగు అడ్డం పెట్టుకోవాలి, ఇంటికెళ్ళగానే ఆ చీర ఉతుక్కోవాలి. ఒకరోజు నేను విసుక్కుంటే నా చెయ్యి పట్టుకుని చూపించింది.

"మిరప చెయ్యి కంట్లో పెడితే అప్పుడే మండుద్ది. జలుబు చెయ్యి పెడితే తర్వాత మండుద్ది. అంతేనే తేడా."

షెడ్డులో అందరికీ దగ్గే కాబట్టి జ్వరం దగ్గు అందులో కలిసిపోతుంది. అందుకని దగ్గు ఆగనివాళ్ళను బయట గాలికి కూర్చోబెట్టేది. తగ్గితే ఘాటు, తగ్గకపోతే ఇంటికి. బతిమాలినా వినేది కాదు. మర్నాడు మిరియాల చారు తీసుకెళ్ళి వాళ్ళ గడపలో పెట్టి, లోపలికి అడుగుపెట్టకుండా నాలుగు తిట్టి వచ్చేది.

ఓ మాఘమాసంలో ఆమే దగ్గడం మొదలుపెట్టింది. సరుకు త్వరగా మార్కెట్ యార్డుకు చేరాలని రైతు తొందరపెడుతున్నాడు. పెద్దమ్మ ముక్కుకూ నోటికీ తువ్వాలు కట్టుకుని, మాకు దూరంగా తలుపు దగ్గర కూర్చుంది. అన్నం కూడా ఒక్కతే తిన్నది. బయట కూర్చున్నా ఆమె దగ్గు ఆగలేదు. మేమంతా చూశాం. ఘాటేలెమ్మంది. మర్నాడు వణుకుతూనే వచ్చింది. మేం మొహమొహాలు చూసుకున్నాం. మేస్త్రీని ఇంటికి పొమ్మనేదెవరు? చివరికి నేనే దగ్గరికెళ్ళి, ఒంట్లో ఎట్లా ఉందని మాత్రం అడిగాను.

"నేను పడుకుంటే మిమ్మల్ని చూసేదెవరే?" అంది.

మాచర్ల ఆస్పత్రికి తీసుకెళ్ళేసరికే ఊపిరితిత్తుల్లో నిమ్ము బాగా ముదిరింది. మనిషి దక్కలేదు. మాలో ఒక్కరికీ ఆ జ్వరం అంటలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ ఏడుపొస్తుంది.

ఆమె పద్ధతులన్నీ మా షెడ్డులో పాటిస్తాను. ఒక్కటి మాత్రం నేను కలిపాను. నాకు ఒంట్లో బాగోకపోతే నన్ను పంపించే హక్కు ఎవరికైనా ఉంటుందని, కొత్తవాళ్ళు పనిలో చేరిన రోజే చెబుతాను. మొన్న చలికి నాకు జ్వరం తగిలింది. ఈ పంటకే చేరిన అంజమ్మ నా ఎదుటికొచ్చి నిలబడింది.

"ఇంటికి పో అక్కా. మేం చూసుకుంటాంలే."

నాకు ముందు కోపమొచ్చింది. తర్వాత బ్యాగు తీసుకుని బయల్దేరాను. ఆటోలో కూర్చున్నాక ఏడుపు ఆగలేదు. ఇంత చిన్న మాట మాలో ఒక్కరమైనా పెద్దమ్మతో అనలేకపోయాం.