లైన్లో పెట్టిన సంచి

ఆ సంచిని విమానం ఎక్కించకూడదనే అనుకున్నాను. బియ్యం బస్తా గుడ్డను మడతపెట్టి మా అమ్మ చేత్తో కుట్టిన సంచి అది. ఒక పక్కన సగం చెరిగిపోయిన ఏనుగు బొమ్మ ఇంకా కనిపిస్తూనే ఉంటుంది. జిప్పు ఎప్పుడో ఊడిపోయింది. అందుకని మూతి దగ్గరకు లాగి, నీలం నైలాన్ తాడు చుట్టి, వలలు కట్టేవాళ్ళు వేసే ముడి వేసి ఇస్తుంది. అలవాటు లేనివాళ్ళు ఎంతసేపు కుస్తీ పట్టినా ఆ ముడి విడదు. మా అమ్మ వేళ్ళకూ, ఆమె దగ్గర నేర్చుకున్న నా కూతురి వేళ్ళకూ మాత్రమే లొంగుతుంది. నాకు సగమే వచ్చు.

మాది సముద్రం మధ్య దీవి. మేం డిగ్నాబాద్‌లో ఉంటాం, అమ్మ హార్బర్ అవతల హోప్ టౌన్‌లో ఉంటుంది. మేం కౌలాలంపూర్ వెళ్తున్నామని తెలిసి, ప్రయాణానికి ముందురోజు పడవ దాటి వచ్చి మరీ సంచి నా చేతిలో పెట్టింది. లోపల జంతికలు, ఒక సీసా నిండా నెత్తళ్ళనే చిట్టి ఎండు చేపల పొడి.

"పరాయి దేశానికి నెత్తళ్ళేంటమ్మా. పరువు పోతుంది," అన్నాను.

"పరువేటే, పొడి తింటే పోద్దేటి? ఆ దేశంలో పిల్లలు ఏటి తింటారు మరి? మూత గట్టిగానే బిగించినాన్లే," అంది.

మా ఆయన జెట్టీ ఆఫీసులో పనిచేస్తాడు. దేనికీ తొందరపడడు, ఎవరినీ నొప్పించడు. "లే చలో, తీసుకెళ్దాం, సంచి నేను మోస్తాలే," అన్నాడు. నాకు కోపం ముక్కుమీదే ఉంటుంది కాబట్టి ఆ మాటకీ వచ్చింది. కానీ అమ్మ ముందు ఏమనను?

మా ఊరి నుంచి నేరుగా కౌలాలంపూర్‌కి విమానం వేశారని, మద్రాసు ఎంత దూరమో అదీ అంతేనని, మా వీధిలో ఒకరి తర్వాత ఒకరు వెళ్ళొచ్చేశారు. వెళ్ళొచ్చినవాళ్ళందరూ ఆ జంట టవర్ల ముందు నిలబడి ఫోటోలు తీసుకున్నారు. రెండు టవర్లకీ మధ్య, ఆకాశంలో, ఒక వంతెన ఉంటుంది. మా పిల్ల ఆ ఫోటోలు చూసినప్పటి నుంచి ఒకటే పాట, ఆ వంతెన మీద నిలబడి హోప్ టౌన్ కనిపిస్తుందేమో చూడాలని. కనిపించదని వాళ్ళ నాన్న చెప్పాడు. "మీరు చూశారా ఏంటి?" అంది. నోరు అలాంటిది దానిది.

ఆ నోరు నేనే ఇచ్చాను. ఒకటో తరగతిలో దాని పెన్సిల్ డబ్బా ఇంకో పిల్ల చేతిలో కనబడితే, నాది అని చెప్పడానికి సిగ్గుపడి ఏడుస్తూ ఇంటికొచ్చింది. ఆరోజు నేను దాన్ని దులిపేశాను. "మనది మనదని చెప్పడానికి సిగ్గెందుకే? ఎవరడిగినా తలెత్తి చెప్పు," అన్నాను. మర్నాడు వెళ్ళి డబ్బా తెచ్చుకుంది. అక్కడి నుంచి ఇక పట్టపగ్గాల్లేవు. ఓడలో, బజారులో, ఎక్కడైనా ఎవరైనా ఇదెవరిది అంటే చాలు, పెద్దవాళ్ళకంటే ముందే చెయ్యెత్తి, "మాదే భయ్యా, మాదే దీదీ," అంటుంది. మావి కాని గొడుగులు కూడా ఒకట్రెండు అలా ఇంటికొచ్చాయి. నేను విసుక్కున్నట్టు నటించేదాన్ని గానీ లోపల మురిసిపోయేదాన్ని. చిన్నప్పుడు నేను అలా లేను. దీవి బయటివాళ్ళ ముందు మా అమ్మ చీర, మా అమ్మ మాట, మా అమ్మ బుట్ట, అన్నీ నాకు నామోషీగానే ఉండేవి. నా కూతురికి ఆ జబ్బు అంటలేదని నా గర్వం.

మొదటిరోజు పిల్లల్ని రంగురంగుల మెట్లున్న గుహల గుడికి తీసుకెళ్ళాం. ఎదురుగా అంత ఎత్తు బంగారు రంగు విగ్రహం ఉంటే, నాలుగేళ్ళ మా వాడు ఒక కోతి అరటితొక్క నాకడం చూస్తూ కూర్చున్నాడు. మా ఊళ్ళో తెల్లదొరల కాలంనాటి జైలు చూడడానికొచ్చే టూరిస్టులు పిల్లల్ని రెక్క పట్టుకుని ఈడ్చుకుపోతుంటే, చంటిపిల్లలకి ఇవన్నీ ఎందుకో అని నవ్వుకునేదాన్ని. ఆ మధ్యాహ్నం మా వాడి రెక్క పట్టుకుని, "పైకి చూడరా, అంత ఖర్చుపెట్టి తెస్తే కోతిని చూస్తావా," అని అరుస్తున్నది నేనే.

రెండోరోజు టవర్లు. మేం దిగిన గదిలో చిన్న వంటగది ఉంది. పొద్దున్నే అన్నం వండి, నెత్తళ్ళ పొడీ నూనే కలిపి ముద్దలు చేసి డబ్బాలో సర్దాను. మా వాడి బట్టలు ఒక జత, వాడు పక్కలో పెట్టుకు పడుకునే ప్లాస్టిక్ తాబేలు, మిగిలిన పొడి సీసా, అన్నీ అమ్మ సంచిలోనే పడ్డాయి. ముడి పిల్లే వేసింది.

ముందుగా టికెట్లు తీసుకోవడం మాకు కుదరలేదు. మిగిలినవి ఇస్తారంటే వెళ్ళి లైన్లో నిలబడ్డాం. లైను పాములా మెలికలు తిరిగి ఉంది. కింద నేల అద్దంలా మెరుస్తోంది. కాసేపటికి వాడు బాత్రూం అన్నాడు. వాళ్ళ నాన్న ఎత్తుకుని వెళ్ళాడు. ఇంకాసేపటికి పిల్ల కాళ్ళు నొప్పులంది, ఆకలంది. పక్కన గోడవార బెంచీ ఖాళీగా ఉంది.

ఇక్కడ మా దీవుల్లో ఓడ టికెట్ల సంగతి చెప్పాలి. పక్క దీవిలో ఉన్న రంగత్ వెళ్ళే ఓడకి టికెట్లిచ్చే కిటికీ తెరవకముందే లైను తయారవుతుంది. ఆ లైన్లో మనుషులు తక్కువ, వస్తువులు ఎక్కువ. ఒక జత చెప్పులు, ఒక ఇటుక, ఒక నీళ్ళ డబ్బా, ఒక బ్యాగు. వాటి తాలూకు మనుషులు గోడ నీడన చాయ్ తాగుతుంటారు. లైను కదిలితే వెనకవాళ్ళు ముందున్న వస్తువుని కాలితో మెల్లిగా ముందుకి జరుపుతారు. చెప్పులని చులకన చేసి దాటి వెళ్ళినవాడికి ఆరోజు మూడినట్టే. మా అమ్మ ఈ సంచినే అలా ఎన్నిసార్లు పెట్టిందో. పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ నాకు లైనంటే అదే.

అందుకని పెద్ద ఆలోచనేమీ లేకుండా సంచిని నా చోట దింపాను. వెనకున్న కుటుంబానికి సంచినీ, నన్నూ, బెంచీనీ వేలితో చూపించాను. వాళ్ళు నవ్వుతూ తలలూపారు. డబ్బా కూడా సంచిలోనే ఉందని బెంచీ మీద కూర్చున్నాక గుర్తొచ్చింది. సరేలే అని చేతి బ్యాగులోంచి బిస్కెట్లు తీసి పిల్లకిచ్చాను. చల్లగా గాలి వస్తోంది. సుఖంగా వెనక్కి వాలాను.

లైను కదిలింది. వెనకవాళ్ళు సంచి చుట్టూ తిరిగి ముందుకి వెళ్ళిపోయారు. వాళ్ళ వెనకవాళ్ళూ అంతే. నేను చూసేసరికి మెరిసే నేల మధ్యలో మా ఏనుగు బస్తా ఒక్కటే ఉంది, నీలం తాడు చుట్టుకుని. ఇంతలో తలకి గుడ్డ చుట్టుకున్న ఒక కుర్ర గార్డు అమ్మాయి వచ్చి దాని ముందు ఆగింది. వంగి చూసింది. వైర్‌లెస్‌లో ఏదో అంది. ఇంకో ఇద్దరు పరిగెత్తుకొచ్చి జనాన్ని వెనక్కి జరగమన్నారు. లైను చెదిరిపోయింది. ఒకామె చంటిపిల్లని లాక్కుని ఎత్తుకుంది. ఒకాయన గడియారం చూసుకుంటూ గొణిగాడు.

కుర్ర గార్డు గట్టిగా ఇంగ్లీషులో అడిగింది, ఈ బ్యాగు ఎవరిది అని.

నా పక్కన పిల్ల చెయ్యి లేచింది, బళ్ళో లేపినట్టు. నేను ఆ చెయ్యి పట్టుకుని కిందకి లాగేశాను.

"మమ్మీ, మన బ్యాగే కదా."

"కాదు. ఊరుకో."

"అమ్మమ్మ ముడి మమ్మీ అది."

"కాదన్నానా."

ఎందుకన్నానంటే, భయం వేసిన మాట నిజమే. ఎండు చేపలు తెచ్చినందుకు పట్టుకుంటారేమోనని కూడా అనుకున్నాను. కానీ భయం తర్వాత వచ్చింది. ముందు వచ్చింది సిగ్గు. అంత అద్దాల మేడలో, అంతమంది శుభ్రమైన మనుషుల మధ్య, ఆ బస్తా గుడ్డ సంచి నాది అని లేచి చెప్పడానికి నాకు మొహం చెల్లలేదు. ఆ అమ్మాయి రెండోసారీ అడిగింది. నేను తల వంచుకుని చేతి బ్యాగులో ఏదో వెతుకుతున్నట్టు కూర్చున్నాను. పిల్ల సంచి వంకా నా వంకా చూసింది. ఒకవేళ నిజంగానే మనది కాదేమోనని దాని మొహంలో అనుమానం కనబడింది. నా మాట మీద దానికి అంత నమ్మకం.

అప్పుడే వాళ్ళ నాన్న భుజాల మీద ఊరేగుతూ వచ్చాడు మా వాడు. జనం తలలకి పైన ఉన్నాడు కాబట్టి అందరికంటే ముందు వాడికే కనబడింది.

"పాపా, మేరా కఛువా ఉధర్ హై," అని కేకపెట్టాడు. తన తాబేలు అక్కడుందట. గార్డులు వాడి వైపు తిరిగారు. వాడు ఇంకా సాయం చేద్దామని వేలెత్తి నన్ను చూపించాడు. "వో మమ్మీ కా బ్యాగ్ హై."

అందరూ నా వైపు చూశారు. భూమి చీలి అందులోకి పోతే బావుండుననిపించింది. లేచి వెళ్ళి, నాదే అన్నాను. ఆ ముక్క నాకే సరిగా వినిపించలేదు.

విప్పమన్నారు. ముడి దగ్గర నా వేళ్ళు ఆడలేదు. సగం వచ్చిన విద్య కూడా పోయింది. గార్డుల్లో పెద్దాయన ఒకాయన తనూ ప్రయత్నించి వదిలేశాడు. అప్పుడు పిల్ల ఎవరూ పిలవకుండానే వచ్చి మోకాళ్ళ మీద కూర్చుంది. తాడు చివర ఒకటి వెనక్కి తోసి, ఒకటి లాగింది. ముడి జారిపోయింది. ఎప్పుడూ అలా విప్పాక తలెత్తి అందరి వంకా చూసి నవ్వుతుంది. ఆరోజు లేచి పక్కకి వెళ్ళి నిలబడింది.

లోపలి నుంచి మా వాడి నిక్కర్లు, తాబేలు, అన్నం డబ్బా, చివరికి సీసా బయటికొచ్చాయి. మూత తియ్యగానే వాసన గుప్పుమంది. నేను కళ్ళు మూసుకున్నాను. పెద్దాయన తమిళుడనుకుంటాను, వాసన చూసి, "నెత్తిలియా?" అన్నాడు. మొహమంతా నవ్వే. మా బజారు తమిళంతో అవునన్నాను. కుర్ర గార్డు కూడా వాసన చూసి, మా ఇంట్లో రోజూ ఇవే తింటాం అంది. ఆ దేశంలో పొద్దున్నే అన్నంలోకి నెత్తళ్ళు నంజుకుంటారని నాకు అప్పుడే తెలిసింది. ఎవరూ తిట్టలేదు. సంచి కింద వదలకూడదమ్మా, అడిగినప్పుడే చెప్పేస్తే అయిపోయేది కదా, అని మాత్రం పెద్దాయన తమిళంలో అన్నాడు. నాలుగు తిట్లు తిట్టినా బావుండేది.

మా ఆయనకి నేను సంచి లైన్లో పెట్టానన్నదే తెలుసు. సాయంత్రం దాకా తలుచుకుని తలుచుకుని నవ్వాడు. "అరె, రంగత్ ఓడ అనుకున్నావేంటి," అంటాడు. పిల్ల మిగతాది చెబుతుందేమోనని నేను బిక్కుబిక్కుమంటూ ఉన్నాను. అది చెప్పలేదు. కడుపులో దాచుకుంది. నా తప్పు దాచే పని ఆ పిల్ల నెత్తిన పడిందని నాకు ఇంకా సిగ్గేసింది.

టికెట్లు దొరికాయి, పైకి వెళ్ళాం. వంతెన మీద మా వాడు తాబేలుని అద్దానికి ఆనించి ఊరంతా చూపించాడు. పిల్ల ఒక చివర నిలబడి చూస్తోంది. దగ్గరికి వెళ్ళి, "హోప్ టౌన్ కనబడుతోందా?" అని అడిగాను.

"తెలీదు మమ్మీ," అంది.

కిందకి దిగాక పార్కులో కూర్చుని డబ్బా తీశాను. మా ఆయనా వాడూ వేళ్ళు నాక్కుంటూ తిన్నారు. పిల్ల ఆకలి లేదంది. దానితో మాట్లాడాలి, తప్పు నాదే అని చెప్పాలి అనుకున్నాను. ఆరోజు అనుకున్నాను, మర్నాడూ అనుకున్నాను. ఎదుటివాళ్ళని దులిపెయ్యడానికి పుట్టే మాటలు నాకు ఇలాంటప్పుడు పుట్టవు.

తిరిగొచ్చినరోజు మా ఊరి ఎయిర్‌పోర్టులో సామాన్లన్నీ మిషన్లోంచి పంపించారు. పెట్టెలు వచ్చేశాయి. సంచిని మాత్రం పక్కన బల్ల మీద పెట్టారు. నిద్రపోతున్న మా వాడిని ఎత్తుకుని మా ఆయన వెనక ఉన్నాడు. పిల్ల నాకంటే ముందు బల్ల దగ్గరికి చేరి, నీలం తాడు మీద చెయ్యి వేసి నిలబడింది.

"యే థైలా కిస్‌కా హై?" అన్నాడు అక్కడి అబ్బాయి, సంచి ఎవరిదని.

ఇంకెప్పుడైనా అయితే ఆ ప్రశ్న పూర్తి కాకముందే దాని చెయ్యి గాల్లో ఉండేది. ఇప్పుడు తాడు మీంచి చెయ్యి తీసేసింది. నా వైపు తిరిగి, అతనికి అర్థం కాకుండా తెలుగులో, మెల్లిగా అడిగింది.

"ఏం చెప్పమంటావు మమ్మీ?"

"మాదే భయ్యా," అన్నాను నేను. అవసరమైన దానికంటే గట్టిగానే అన్నాను. అటుపక్క లైన్లో వాళ్ళు కూడా తిరిగి చూశారు. పిల్ల మాత్రం సంచిని ముట్టుకోకుండా, ఇంకా నా మొహంలోకే చూస్తోంది.