చిన్నమామ ట్యాంకుకు ఎన్ని వాకిళ్ళు

పందొమ్మిది వందల యాభై ఎనిమిది, చలికాలం, బేస్తవారం, పొద్దున పది గంటలు. కమలాపురం నుంచి వచ్చే పది గంటల బస్సు హారను ఇనపడినాకనే పెద్దమ్మ మా వసారాలో కాలు పెట్టింది కాబట్టి గంట విషయంలో పొరపాటు లేదు. ఇప్పుడు ఇదెందుకు గుర్తొచ్చిందంటే, మొన్న కడపలో మనవడి ఇంటికి పోతే, వాని కొడుకు భోజనాల బల్ల నిండా ప్లాస్టిక్కు ముక్కలు పరుచుకుని యుద్ధ ట్యాంకు అతికిస్తున్నాడు. రెండు పెట్టెలు తెప్పించినాడంట, ఒకదాని అడుగుకు ఇంకొకదాని తల, అదే ఫిరంగి ఉండే పైభాగం, పెడతాడంట. తల అతికించొద్దు, తిరగనీ అన్నాను. వాడు నన్ను అనుమానంగా చూసినాడు. నాకు అక్షరాలు నలభై దాటినాక వచ్చినాయి గానీ, ట్యాంకు సంగతి పద్దెనిమిదో ఏటనే తెలుసు. వానికి చెప్పే ఓపిక లేక ఇక్కడ రాస్తున్నాను.

చిన్నమామ అంటే నేను కోడలిగా పోయిన ఇంట్లో మా మామకు తమ్ముడు. కరువుకాలంలో కమలాపురం స్నేహితునితో కలిసి పట్టాళంలో చేరి, బర్మాలో ట్యాంకు తోలినాడు. స్నేహితుడు అదే ట్యాంకులో ఫిరంగి పేల్చేవాడు. చిన్నమామ తిరిగొచ్చినాడు, స్నేహితుడు రాలేదు. ఆ పిల్లోని తల్లి, మేమందరం పెద్దమ్మ అనేవాళ్ళం, ఆ సంగతిని పదమూడేండ్లు నమ్మలేదు. చచ్చినాడని నమ్మింది. ఎట్ల చచ్చినాడో చిన్నమామ చెప్పింది నమ్మలేదు. ఆమె ట్యాంకును ఎప్పుడూ చూసింది కాదు. ఇనుప కొట్టం లాంటిది, దానికి ఒకటే వాకిలి అని ఆమె మనసులో పడిపోయింది. వాకిలి ఒకటే అయితే ముందు బయటపడినోడు వెనకోనికి తలుపేసినట్లే గదా. చిన్నమామకు సంబంధం వచ్చినప్పుడల్లా ఆ ఊరు కనుక్కుని పోయి, పిల్లనిచ్చేవాళ్ళ అరుగు మీద కూర్చుని, ఉన్న ఒక్క వాకిట్లో ఈయన వస్తే నా కొడుకు ఎందుకు రాలేదు అని అడిగేది. ఏడ్చేది కాదు, తిట్టేది కాదు. అడిగి లేచొచ్చేది. మూడు సంబంధాలు అట్లనే పోయినాయి.

మూడోది పోయినప్పుడు మా అత్త కొంగు బిగించి కమలాపురం పోయింది, జగడానికి. పోయిన వేగంతోనే తిరిగొచ్చింది. పెద్దమ్మ జగడమాడలేదంట. లోపల ఇద్దరుంటే ఒకడే ఎట్ల బయటికొచ్చినాడో నా కండ్లకు చూపీమను, ఆ పొద్దుటి నుంచి నేను నోరు తెరిస్తే అడుగు అన్నదంట. ఈ మాట చిన్నమామ చెవిన పడింది. ఆ వారంలోనే గడ్డివాము పక్కన గది ఖాళీ చేసుకుని లోపల గడియ పెట్టుకున్నాడు.

ఆయన మిషను ఆసుపత్రి బండికి డ్రైవరు. ఆ నెలలోనే డాక్టరు దొర తన దేశానికి పోతూ ఇంట్లో సామానంతా పంచి పెట్టినాడు. మంచాలు, కుర్చీలు ఎవరో ఎత్తుకపోయినారు. చిన్నమామ అడిగి తెచ్చుకున్నది దొర కొడుకు సగం చేసి వదిలేసిన రెండు బొమ్మల పెట్టెలు. రెండూ ట్యాంకులే. ఒకదానికి తల లేదు, ఇంకొకదానికి చక్రాల పట్టాలు లేవు. రెండూ కలిపి ఒకటి చేస్తున్నాడని మాకు తరువాత తెలిసింది. అప్పుడు మాకు తెలిసిందల్లా గడియ, లోపల గరగరా రాపిడి, తలుపు సందులోనుంచి తియ్యటి వాసన. ఆ వాసన క్లోరోఫారంది. ఆపరేషన్లకు మత్తిచ్చే మందు. ఆసుపత్రిలో కాంపౌండరు చిన్న బుడ్డిలో పోసిచ్చినాడంట. ప్లాస్టిక్కును కరగబెట్టి ఒకదానికొకటి అతికిస్తుంది.

మా సీమలో మొగోడు గడియ పెట్టుకుని, వాసనొచ్చే మందుతో, చిన్నచిన్న ముక్కలతో పని చేస్తున్నాడంటే జనం ఏమనుకుంటారో చెప్పాల్సిన పని లేదు. బాంబులు చుడుతున్నాడనుకున్నారు. ఊళ్ళో పార్టీలు రెండు. ఎదుటి పార్టీకి చుడుతున్నాడని ఇద్దరికీ అనుమానం. ఒక పార్టీ మనిషి మజ్జిగ కావాలని వచ్చేవాడు, ఇంకో పార్టీ మనిషి ఎద్దు తప్పిపోయిందని వచ్చేవాడు. ఆ ఎద్దు వారానికి రెండుసార్లు తప్పిపోయేది, ప్రతిసారీ మా గడ్డివాము కాడనే వెతికేవాడు. ఒకరోజు ఇద్దరూ ఒకేసారి వచ్చి, ఒకరినొకరు చూసుకుని, మా అత్త ముందర వానల గురించి శానాసేపు మాట్లాడుకుని పోయినారు. అత్తకూ అనుమానమే. రాత్రి లాంతరు వెలిగించబోతే దాని ఇత్తడి బర్నరు లేదు. బర్నరు ఎందుకు కావాల్సొచ్చెనప్పా అని మరిదిని అడిగింది. కొత్తది తెచ్చిస్తా అన్నాడు గానీ ఎందుకో చెప్పలేదు.

అన్నం తీసుకుపోయేది నేను. నాకు మాత్రం తలుపు తీసేవాడు. మొదటిరోజు గిన్నె పెట్టి కదలకుండా నిలబడినాను. "బాంబు కాదులేమ్మా, భయపడొద్దు" అని ఎత్తి చూపించినాడు. నాకు భయం తగ్గలేదు. చెయ్యంత ట్యాంకు, తల లేని మేక లాగుంది. తల విడిగా గుడ్డలో ఉంది. అది వేరే పెట్టెలోది కాబట్టి అడుగు మీద కూర్చోవడం లేదు. లాంతరు బర్నరులోనుంచి తీసిన ఇత్తడి కంకణం మధ్యన పెట్టి దాని మీద తల నిలబెట్టినాడు. ఇప్పుడు తిరుగుతుంది, కానీ ఎత్తయింది. దినాం ఆ కంకణాన్ని కడప బండ మీద నీళ్ళు చల్లి అరగదీసేవాడు. తోలేవాడు బయటికొచ్చే మూతను కాల్చిన సూదితో కోసి, గుడ్డపీలిక అంటించి, తెరిచి మూసేటట్టు చేసినాడు. కంకణం కొంచెం అరిగినప్పుడల్లా తల పెట్టి, ఫిరంగి గొట్టాన్ని ఆ మూత మీదికి తిప్పి, గోటితో మూత ఎత్తి చూసేవాడు. ఎత్తుకుంటే మళ్ళీ అరగదీసేవాడు. మూత గొట్టానికి తగిలి తెరుచుకోని రోజు పని ఆపేసినాడు.

ఇది నేను కండ్లారా చూసినాను. నాలో అనుమానం మొదలైంది ఆడనే. తనకు కావాల్సినట్ల కుదిరేదాకా అరగదీసుకున్నాడు గదా అని. ఎవరికీ చెప్పలేదు.

రంగు ఇంకొక అవస్థ. లారీలకు పూసే పచ్చరంగు తెచ్చి పూస్తే రామచిలక మాదిరి వచ్చింది. గీకేసి, పొయ్యి మసి కలిపితే ముసురుపట్టిన బురదైంది. ఎర్రమన్ను కలిపి, మేకవెంట్రుకల కుంచెతో మూడోసారి పూసినాక కాసేపు దాన్నే చూస్తా కూర్చున్నాడు. మామ ఆ పొద్దే కమలాపురానికి మనిషి చేత కబురు పంపినాడు.

పెద్దమ్మ వచ్చింది. వసారాలో చాప మీద కూర్చుంది. చిన్నమామ పీట తెచ్చి, దాని మీద ట్యాంకు పెట్టి, ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. ఆమె దాన్ని ముట్టుకోకుండా అన్ని పక్కలా చూసింది. వాకిలి యాడ అని అడిగింది. ఒకటి కాదు పెద్దమ్మా అని చెప్పినాడు. ఇది నాది, ముందర, కింద. ఇది వానిది, పైన, తల మీద. గుండు తగిలినప్పుడు తక్కినోళ్ళు ఆ దెబ్బకే పోయినారు, మంట లేచింది, గొట్టం నా మూత మీద ఉండాది, మూత లేయదు. వాడు లోపల తలను తిప్పే చక్రం చేత్తో తిప్పి గొట్టం పక్కకు జరిపితేనే నేను బయటపడినా అన్నాడు. చెబుతూ గొట్టం తిప్పి చూపించినాడు.

పెద్దమ్మ నవ్వింది. బాగలేని నవ్వు.

"నువ్వు చేసిన బొమ్మ నువ్వు చెప్పినట్లే తిరుగుతాదప్పా. నువ్వు చెయ్యని దాన్ని చూపీ."

మా అత్త లేవబోయింది. మామ చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టినాడు. నేను చూసిందే ఆమె చూడకుండా చెప్పింది.

చిన్నమామ పీటను ఆమె పక్కకు జరిపినాడు, నువ్వే తిప్పుకో అన్నట్టు. ఆమె ఒక వేలితో గొట్టాన్ని మూత మీదికి తోసింది. గోరు పెట్టి మూత ఎత్తి చూసింది. లేయలేదు. గొట్టం పక్కకు తోసి మళ్ళీ ఎత్తింది. లేచింది. ఇట్ల ఎన్నిసార్లు చేసిందో. ఆ తరువాత పై మూత మీద వేలు పెట్టి అక్కడే ఆపింది.

"ఇది వానిదంటివి. చక్రం తిప్పే యాళకు వాడు దీంట్లోనుంచి రావచ్చు గదా?"

చిన్నమామ తల వంచుకున్నాడు.

"రావచ్చు పెద్దమ్మా."

"టైముండె?"

"ఉండె. వానికి మాత్రమే ఉండె. నేను లోపల్నుంచి అరుస్తాంటి, వాని పేరు పెట్టి."

పదమూడేండ్లు ఆయన చెప్పింది బలమైన సాకే. వాడు తిప్పినాడు, నేను వచ్చినా. వాడు రాగలిగీ తన అరుపుకే ఆగినాడనే ఈ కడపటి మాట మాత్రం ఎవరికీ చెప్పలేదు. సాకు కోసం బొమ్మ అరగదీసుకున్నోడు ఈ మాట చెప్పడు అనిపించింది నాకు. ఆమెకేమనిపించిందో ముఖంలో తెలియలేదు. గోడ అవతల ఎద్దు తప్పిపోయినోడు దగ్గినాడు.

చివరికి గొట్టాన్ని చిన్నమామ మూత మీదనుంచి పూర్తిగా పక్కకు తోసింది. తోసి, వేలు తియ్యకుండా అన్నది.

"ఇంగ దీన్ని ఎవురూ తిప్పొద్దు. ఇట్లనే అతికించు."

ఆయన లేచిపోయి మందు బుడ్డి తెచ్చినాడు. కంకణం చుట్టూ ప్లాస్టిక్కు కరిగి పట్టుకునేదాకా కుంచెతో పూసినాడు. ఆరేదాకా పెద్దమ్మ ఆ ట్యాంకు తల మీద చెయ్యి ఒత్తి పట్టుకుంది. సాయంత్రం బస్సుకు పోయింది. నాలుగో సంబంధం రాజంపేట నుంచి వచ్చింది. ఆ అరుగు మీదికి ఆమె పోలేదు. నమ్మిందనను. అడగడం మానుకుంది, అంతే చెప్పగలను.

ఆ పొద్దు ఆడ ఉన్నవాళ్ళం: చిన్నమామ, కమలాపురం పెద్దమ్మ, మా మామ, మా అత్త, వాకిట్లో మజ్జిగకు వచ్చినోడు, గోడ అవతల ఎద్దు కోసం వచ్చినోడు, స్తంభం పక్కన నేను. మజ్జిగా ఎద్దూ అన్నవాళ్ళ పేర్లు ఇప్పుడు అడిగినా చెప్పేవాళ్ళు లేరు. నేను తప్ప అందరూ పోయినారు, ఎవరి వంతుకు వాళ్ళు. వాళ్ళు బతికిన అన్నేండ్ల కాలం, పైన రాసిన ఈ పట్టీలో, నా పెద్దపెద్ద అక్షరాలతో రాసినా, కాగితం మీద నాలుగు వరసలు కూడా నిండలేదు.