నల్లోళ్లు – ఆరుగురు

నిన్న మంగళవారం ఉదయం ఏడు గంటల పది నిమిషాలకు, సన్నని తుంపర పడుతుండగా, శ్రీనగర్ కాలనీలోని మా అపార్ట్‌మెంట్ లిఫ్టు దగ్గర పక్కింటాయన నన్ను ఆపి, "మూడో అంతస్తులోకి నల్లోడెవడో దిగాడటండీ, తలుపులు జాగ్రత్త" అన్నారు. ఆ దిగినాయన సాఫ్ట్‌వేర్ ఇంజనీరు. పక్కింటాయనా చెడ్డవారు కారు. అయినా అప్పటినుంచి నాకు కుదురు లేదు.

హైటెక్ సిటీలో అద్దాల మేడలు లేస్తున్న రోజుల్లో నేను ఫిల్మ్ నగర్‌లోని ఒక సినిమా నిర్మాణ సంస్థలో హాజరు పట్టీ రాసేవాణ్ణి. ప్రతినాయకుడి ముఠాకు అప్పుడు విదేశీయులు కావలసి వచ్చేవారు. జూనియర్ ఆర్టిస్టులను పేరుపేరునా రాసే నేను, వీరిని మాత్రం అందరూ రాసే పద్ధతిలోనే 'తెల్లవాళ్లు 8, నల్లోళ్లు 6' అని రాసి, అంకె సరిపోయిందని తృప్తిపడేవాణ్ణి.

ఆ ఆరుగురిలో ఒకరు కంప్యూటర్ కోర్సు చదువుతూ రహమత్ నగర్‌లో గది అద్దెకు తీసుకున్న ఆఫ్రికా విద్యార్థి. జూబ్లీహిల్స్ బంగళాలో షూటింగ్ సాగుతుండగా ఒక మధ్యాహ్నం ఆయన నా బల్ల దగ్గరికి వచ్చారు. ముందురోజు పది, పన్నెండు గంటల మధ్య ఇంటివారి నీళ్ల మోటారు పోయిందట. నల్లోడే ఎత్తుకపోయిండని వీధి వీధంతా తేల్చేసిందట. ఆ సమయంలో షూటింగ్‌లో ఉన్నట్టు కాగితం తెస్తే సరి, లేకుంటే సాయంత్రానికల్లా గది ఖాళీ చేయాలట.

"నిన్న పొద్దుగాల్నుంచి గీడనే ఉన్న కద అంకుల్, జర రాసియ్యుండ్రి" అన్నారు, ఆ వీధిలో నేర్చుకున్న తెలుగులో.

పుట తిప్పాను. 'నల్లోళ్లు 6' అని ఉంది. పక్కనే ఉన్న మా ప్రొడక్షన్ మేనేజరు నవ్వి, "అందరూ ఒకేలా ఉంటారు కదండీ, వీడో కాడో ఎలా చెబుతాం?" అన్నాడు. నాకు మాత్రం తెలుసు: ముందురోజు పదకొండు గంటలకు ఆయన నా ఎదుటే నిలబడి టీ తాగారు. కానీ పుస్తకంలో లేనిదాన్ని ధ్రువీకరించే అలవాటు నాకు లేదు. రాయలేదు.

"మీరు నా పేరు అడగనే లేదు కద అంకుల్" అని, ఆయన వెళ్లిపోయారు.

నాలుగో రోజున ఆ మోటారు ఇంటాయన బామ్మర్ది ఇంట్లో దొరికిందని విన్నాను. అప్పటికి ఆ గదిలో వేరేవారు చేరారు.

ఇప్పుడు హాజరుకు వేలిముద్ర యంత్రాలు వచ్చాయి, ఎవరి పేరూ తప్పిపోదు. నోటి మాట ఒక్కటే, మన తరం విడిచిన చోటనే ఉంది. నిన్న మధ్యాహ్నం అటక మీద దాచుకున్న పాత పట్టీలన్నీ దించి, ఆ మాట కింద నేను రాసినవారిని రెండుసార్లు కూడి చూశాను. ఏడేళ్లలో నూట అరవై ముగ్గురు. వారిలో ఒక్కరి పేరూ రాసి లేదు.