కాళ్లకు నీళ్లు, కారుకు తాళం

మా ఇంట్లో ఏ శుభకార్యమైనా ఈ కథ నన్నే చెప్పమంటారు. చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. పోనీ మానేద్దామంటే మా ఆవిడ మొదలుపెడుతుంది, అందులో నేను ఇంకా వెర్రివాణ్నవుతాను. కాబట్టి నా పెళ్లిచూపులను నేనే ఎలా తగలేసుకున్నానో ఇదే ఆఖరుసారి, వినండి.

తొంభైల మొదట్లో సంగతి. అమ్మాయిది కోదాడ. మిర్యాలగూడలో రైసుమిల్లున్న మా మేనమామ తన అంబాసిడర్ తెచ్చాడు. సూర్యాపేట నుంచి నేనే నడుపుతానన్నాను. డ్రైవింగ్ అప్పుడప్పుడే నేర్చుకున్నాను గాని, హోటల్లో చాయ్ తాగుతూ ఒక సిమెంటు లారీ డ్రైవర్ చెప్పిన రహస్యం నా దగ్గరుంది. "ఇంజను సప్పుడు ఇనాలె తమ్మీ. క్లచ్ తొక్కకుండనే గేరు ఎన్నపూస లెక్క పడ్తది."

మునగాల దాటాక క్లచ్ పెడల్ కిందికి పోయి మళ్లీ పైకి రాలేదు. ఏడవాల్సింది పోయి సంబరపడ్డాను.

"పరేషాన్ గాకు మామా, క్లచ్ లేకుండ నడుపుత."

"నడుపు గని ఆగకు. ఆగితే మల్ల లేవది. పెండ్లికొడుకు కారు తోసుకుంట పోతే పిల్లనిస్తరా?"

గేరు ఒకసారి వెన్నపూసలా, పదిసార్లు రాళ్లు నమిలినట్టు పడింది. అలాగే కోదాడ చేరాం. నడపడం తెలుసుకున్నాను గాని ఆపడమెలాగో ఆ లారీ ఆయన్ని అడగలేదు. ఏరు దాటకముందే తెప్ప తగలేసిన మొనగాణ్ని!

వాకిట్లో అమ్మాయి తండ్రి నీళ్ల చెంబుతో నిలబడ్డాడు. గేరు ఎంత గుంజినా ఊడిరాదు. కంగారులో కుడికాలు యాక్సిలరేటర్ వదలదు. ఆయనకో దండం పెట్టి ముందుకు వెళ్లిపోయాను.

వెనక సీట్లోంచి అమ్మ లబోదిబోమంది. "కాళ్లకు నీళ్లు తీసుకోకుండ పోతే సంబంధం వద్దన్నట్టేరా!"

వీధి చుట్టి మళ్లీ వచ్చాను. ఈసారి ఆయన చెంబుతో కారు పక్కనే పరుగెత్తాడు.

"ఏమండీ, మా అమ్మాయిని చూడకుండానే పోతారా?"

నాకు ఏడుపొచ్చింది. ఆ సంబంధం ఖతం అనుకున్నాను. అప్పుడు కిటికీలోంచి పట్టుచీర కట్టుకున్న అమ్మాయి కేకేసింది.

"తాళం తిప్పండీ! తాళం!"

తిప్పాను. కారు ఎక్కిళ్లు పెట్టి ఆగింది. చెంబులో నీళ్లన్నీ కిటికీలోంచి నా పక్క సీట్లోని మేనమామ నెత్తిన పడ్డాయి.

ఇలాంటివాడికి పిల్లనెలా ఇచ్చేదని ఆ తండ్రి లోపల గొణుగుతుంటే, అమ్మాయి నింపాదిగా అందట: "చెప్పగానే ఆగాడుగా నాన్నా, చాలు."

తాళి కట్టింది నేను. తాళం ఆనాటి నుంచి ఆవిడ దగ్గరే. క్లచ్ లేని బండి మళ్లీ నడపనని మీ అందరి ముందు ప్రమాణం చేస్తున్నాను. ఆవిడ చేయమంది.